ఇంటి దొంగ, ఈశ్వరుడు, చాకలి పద్దు

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్ళు ఊరికే అనలేదు. బయటి దొంగ అయితే గోడ దూకాలి, తాళం పగలగొట్టాలి, కుక్కని తప్పించుకోవాలి. ఇంటి దొంగకి ఇవేవీ అక్కర్లేదు. ఏ తలుపు కిర్రుమంటుందో, ఎవరు ఎన్నింటికి లేస్తారో, తాళంచెవుల గుత్తి ఏ మేకుకి వేలాడుతుందో అన్నీ తెలుసు. అలాంటివాళ్ళని పట్టుకోవాలంటే ఆ ఇంటి సంగతి ఇంకా బాగా తెలిసినవాళ్ళు కావాలి. అంటే రోజూ పక్కలు వేసేవాళ్ళు, బట్టలు మడతపెట్టేవాళ్ళు, వంట చేసేవాళ్ళు.

డిటెక్టివ్ కథ ఎలా పుట్టిందో చదువుతుంటే నాకీ సామెతే మాటిమాటికీ గుర్తొచ్చింది. ఎందుకంటే ఆ కథకి పునాది వేసినవాటిల్లో ఒకటి చాకలి పద్దు. నిజంగానే అండీ, ఉతుక్కి వేసిన బట్టలు రాసుకునే పుస్తకం!

డిటెక్టివ్ అనగానే మా అమ్మ తరంవాళ్ళకి కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ గుర్తొస్తాడు, పక్కనే అసిస్టెంటు రాజు. అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చిన ఆ చిన్న పుస్తకాల్ని, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక మొదలుపెట్టి సాయంత్రం పాలు వచ్చేలోపు ముగించేసేది మా అమ్మ. రెండో రోజుకి మళ్ళీ అద్దె కట్టాలి కదా! నా తరానికి వచ్చేసరికి మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవల, దాన్ని జంధ్యాల గారు ‘చంటబ్బాయ్’ సినిమాగా తీస్తే అందులో చిరంజీవి వేసిన పాండురంగ్. ఇంగ్లీషు చదివేవాళ్ళకి సరే, షెర్లాక్ హోమ్స్ ఉండనే ఉన్నాడు. వీళ్ళందరూ మగవాళ్ళే. అందరూ బయటినుంచి వచ్చి, ఇంట్లోవాళ్ళకి తెలియని విషయం కనిపెట్టి, వాళ్ళని ఆశ్చర్యపరిచి వెళ్ళేవాళ్ళే.

కానీ మొదట్లో జరిగింది ఇంత సాఫీగా లేదు.

ఆధునిక డిటెక్టివ్ కథకి మొదలు 1841 అంటారు. ఆ ఏడాది అమెరికన్ రచయిత ఎడ్గార్ ఎలన్ పో, పారిస్‌లో ఒక తల్లీకూతుళ్ళ హత్య మీద కథ రాశాడు. దాని చిక్కుముడిని డూపాన్ అనే తెలివైనాయన ఆలోచించి విప్పుతాడు. మరుసటి ఏడాది, 1842లో, లండన్ పోలీసులు ఎనిమిది మందితో డిటెక్టివ్ శాఖ మొదలుపెట్టారు. యూనిఫాం లేకుండా మామూలు బట్టల్లో తిరిగే పోలీసులు అప్పటి జనానికి పెద్ద వింత. చార్లెస్ డికెన్స్‌కి వాళ్ళంటే మహా ముచ్చట. తన పత్రికలో వాళ్ళ గురించి వ్యాసాలు రాశాడు. 1853లో పూర్తయిన ‘బ్లీక్ హౌస్’ నవలలో బకెట్ అనే ఇన్‌స్పెక్టరుని పెట్టాడు. ఆ నవలలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. హంతకురాలు బకెట్ ఇంట్లోనే అద్దెకుంటుంది. ఆమెని రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండేది బకెట్ గారి భార్య. నేరస్థురాలిని పట్టుకున్న పేరు మాత్రం ఆయనకి దక్కుతుంది.

ఇక అసలు కథకి వద్దాం.

1860 జూన్ 29, శుక్రవారం రాత్రి. ఇంగ్లండులో రోడ్ అనే ఊళ్ళో రోడ్ హిల్ హౌస్ అని ఒక పెద్ద ఇల్లు. ఇంటాయన శామ్యూల్ కెంట్, ఫ్యాక్టరీల తనిఖీ చేసే ప్రభుత్వోద్యోగి. ఆ రాత్రి ఇంట్లో పన్నెండు మంది పడుకున్నారు. తొమ్మిది మంది కుటుంబం, ముగ్గురు పనివాళ్ళు.

ఎవరెక్కడ పడుకున్నారో చెబితే ఆ సంసారం ఏమిటో మీకే అర్థమవుతుంది. కెంట్ గారి మొదటి భార్యకి మతి చలించిందని చెప్పేవారు. ఆవిడ 1852లో పోయింది. ఆవిడ పిల్లలకి చదువు చెప్పడానికి వచ్చిన టీచరమ్మని ఆయన రెండో పెళ్ళి చేసుకున్నాడు. రెండో భార్యా, ఆవిడ పిల్లలూ ఆయనతోపాటు మొదటి అంతస్తులో మంచి గదుల్లో ఉండేవారు. మొదటి భార్య పిల్లలు నలుగురూ పై అంతస్తులో, పనివాళ్ళ గదుల పక్కన. మేడమెట్లు ఒక సంసారాన్ని రెండుగా కోసేశాయన్నమాట. మన ఇళ్ళల్లో ఏ గది ఎవరికిచ్చారు, పండక్కి ఎవరికి ఎలాంటి చీర పెట్టారు అన్నదాంట్లో ఎంత కథ ఉంటుందో మనకి తెలియనిదా!

తెల్లవారుజామున అయిదింటికి పిల్లల్ని చూసుకునే ఆయా ఎలిజబెత్ గాఫ్‌కి మెలకువ వచ్చింది. నాలుగో ఏడు ఇంకా నిండని శావిల్ తన మంచం మీద లేడు. తల్లి ఎత్తుకెళ్ళి ఉంటుందనుకుని మళ్ళీ పడుకుంది. ఏడు దాటాక అడిగితే తల్లి దగ్గర లేడు. కింద హాలు కిటికీ తెరిచి ఉంది. వెతగ్గా వెతగ్గా తోటలో పనివాళ్ళ మరుగుదొడ్డి గుంటలో బిడ్డ శవం దొరికింది. గొంతు కోసి ఉంది.

ఇక దర్యాప్తు. స్థానిక సూపరింటెండెంట్ ఫోలీకి మొదటి అనుమానం ఎవరి మీదో చెప్పక్కర్లేదు కదా. ఆయా మీద. ఆ గదిలోనే పడుకుని, పిల్లవాణ్ణి తీసుకెళ్తుంటే తెలియలేదంటే ఎవరు నమ్ముతారు?

అదే సమయంలో ఇంకో సంగతి జరిగింది. వంటింటి వైపు నీళ్ళు కాచే బాయిలర్ పొయ్యిలో పోలీసులకి ఒక బట్ట దొరికింది. ఆడవాళ్ళు లోపల వేసుకునే గౌను, దాని మీద రక్తం మరకలు. హత్య జరిగిన ఇంట్లో రక్తం అంటిన బట్ట దొరికితే ఏం చెయ్యాలి? వాళ్ళు అది నెలసరి మరక అనుకున్నారు. ఆ మాట పైకి అనడానికే సిగ్గుపడ్డారు. బట్ట మాయమైంది, సంగతి కూడా కప్పెట్టేశారు. తర్వాత లండన్ నుంచి వచ్చిన డిటెక్టివ్‌కి కూడా చెప్పలేదు. నెలల తర్వాతగానీ అది బయటకి రాలేదు. ఆ బట్ట కేసుని తేల్చేదో లేదో ఇప్పుడెవరూ చెప్పలేరు. కానీ ఆ ఇంట్లో అన్ని వయసుల ఆడవాళ్ళున్నారు, బట్టలుతికే ఆవిడ ఉంది. ఇది ఎవరిది, ఏ మరక అని ఒక్క మాట అడగడానికి పోలీసులకి నోరు రాలేదు. ఆడవాళ్ళ బట్టల గురించి మాట్లాడటం అమర్యాద అనుకునే మర్యాదస్తులు హత్య కేసులో సాక్ష్యాన్ని పోగొట్టుకున్నారు.

జూలై మధ్యలో లండన్ స్కాట్లండ్ యార్డ్ నుంచి జాక్ విచర్ వచ్చాడు. 1842లో పెట్టిన మొదటి ఎనిమిది మందిలో ఒకడు. ఒక తోటమాలి కొడుకు. ఆయన ఆ ఇంట్లో ఏం వెతికాడనుకుంటున్నారు? నైట్ గౌన్లు.

మొదటి భార్య కూతుళ్ళలో చిన్నది కాన్‌స్టెన్స్, పదహారేళ్ళ పిల్ల. ఆమెకి మూడు నైట్ గౌన్లు ఉండాలి. రెండే ఉన్నాయి. మూడోది ఏదంటే బట్టలుతికే ఆవిడ పోగొట్టిందన్నారు. హత్య జరిగిన తర్వాత సోమవారం ఉతుక్కి వేసినప్పుడు చాకలి పద్దులో గౌను రాసి ఉంది. ఆవిడేమో బుట్ట విప్పి చూస్తే అది లేనే లేదంది. విచర్ ఇంటిపని చేసే సారా కాక్స్‌ని కూర్చోబెట్టి ఓపిగ్గా అడిగాడు. ఆమెకి ఒక చిన్న విషయం గుర్తొచ్చింది. తను బుట్ట సర్దుతుంటే కాన్‌స్టెన్స్ వచ్చింది. లోపావడా జేబులో పర్సు మర్చిపోయానేమో చూడమంది. తర్వాత, కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టమంది. కాక్స్ కిందకి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. అంతే.

విచర్ లెక్క ఇలా ఉంది. హత్య రాత్రి వేసుకున్న గౌను రక్తంతో పాడైంది, దాన్ని కాన్‌స్టెన్స్ నాశనం చేసింది. ఇక ఒక గౌను తక్కువ పడుతుంది. ఆ లోటు తన దగ్గర కనబడకూడదు. అందుకని పద్దులో రాయించిన శుభ్రమైన గౌనుని, పనమ్మాయి నీళ్ళకి వెళ్ళినప్పుడు బుట్టలోంచి వెనక్కి తీసేసుకుంది. పోయిన గౌను నింద బట్టలుతికే ఆవిడ మీద పడుతుంది. ఎంత పకడ్బందీ ఆలోచనో చూడండి! బట్టలు పోయాయంటే ఆవిడనే అంటారని ఆ పిల్లకి తెలుసు.

జూలై 20న విచర్ కాన్‌స్టెన్స్‌ని అరెస్టు చేశాడు. దేశమంతా ఆయన మీద విరుచుకుపడింది. ఒక నైట్ గౌను కనబడలేదని మర్యాదస్తుల ఇంటి ఆడపిల్లని కోర్టుకి ఈడ్చాడట! తోటమాలి కొడుకు పెద్దమనుషుల పడగ్గదుల్లో దూరి, పిల్లల బట్టలు లెక్కపెట్టాడట! వారం తిరిగేసరికి ఆమె జామీను మీద ఇంటికెళ్ళిపోయింది. విచర్ తలవంచుకుని లండన్ వెళ్ళిపోయాడు.

ఎలిజబెత్ గాఫ్ సంగతి వేరు. ఆమెని రెండుసార్లు పట్టుకుని రెండుసార్లు వదిలారు, సాక్ష్యం లేక. కానీ లోకం వదల్లేదు. ఇంటాయనకీ ఆయాకీ సంబంధం ఉందనీ, పిల్లవాడు లేచి చూశాడనీ, అందుకే చంపేశారనీ కథలల్లారు. అంతటి డికెన్స్ కూడా స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఈ ఊహే రాశాడు. జీతానికి పిల్లల్ని చూసుకునే ఒక యువతి అయిదేళ్ళపాటు ఆ మాట మోసింది.

1865 ఏప్రిల్‌లో కాన్‌స్టెన్స్ తనంతట తానే లండన్ కోర్టుకి వెళ్ళి, తమ్ముణ్ణి చంపింది తనేనని ఒప్పుకుంది. ఆ గౌనుని కాల్చేశానని చెప్పింది. మరణశిక్ష వేసి, దాన్ని జీవితఖైదుగా మార్చారు. ఇరవై ఏళ్ళు జైల్లో ఉండి 1885లో విడుదలైంది. ఆస్ట్రేలియా వెళ్ళి, పేరు మార్చుకుని, నర్సుగా రోగులకి సేవ చేసింది. 1944లో, వందేళ్ళ వయసులో పోయింది. ఆమె ఒప్పుకోలు వచ్చేనాటికి విచర్ ఉద్యోగంలో లేడు. ఆరోగ్యం చెడి అంతకు ముందు ఏడాదే పదవీ విరమణ చేశాడు. ఆయన మాట నిజమని తేలింది, ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు.

ఈ ఇంటి కథ చదివి ఊరుకోలేకపోయిన రచయితల్లో డికెన్స్ స్నేహితుడు విల్కీ కాలిన్స్ ఒకడు. 1868లో ఆయన ‘ది మూన్‌స్టోన్’ నవల డికెన్స్ నడిపే పత్రికలో ధారావాహికగా వచ్చింది. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో మన దేశం నుంచి ఒక ఇంగ్లీషు సైనికాధికారి కాజేసిన వజ్రం, చివరికి ఇంగ్లండులో ఒక అమ్మాయికి పుట్టినరోజు కానుకగా వస్తుంది. ఆ రాత్రే మాయమవుతుంది. కాలిన్స్ చేసిన మార్పులు చూడండి. పిల్లవాడి హత్య బదులు వజ్రం పోవడం. రక్తం మరక బదులు, కొత్తగా వేసిన తలుపు రంగు ఒకచోట చెదిరిపోవడం. ఆ రంగు ఎవరి బట్టకి అంటిందో వాళ్ళే రాత్రి ఆ గదిలోకి వెళ్ళారన్నమాట. నైట్ గౌను మాత్రం నైట్ గౌనుగానే ఉంది!

స్థానిక పోలీసు వచ్చి, పనిమనుషుల పావడాలు తగిలి రంగు పోయిందని కేకలేసి వెళ్తాడు. తర్వాత లండన్ నుంచి సార్జెంట్ కఫ్ వస్తాడు. గులాబీ మొక్కలంటే ప్రాణం. అరవడు, తొందరపడడు. రంగు ఎన్ని గంటలకి ఆరుతుందో కనుక్కుంటాడు. ఆ తర్వాత, ఇంటి చాకలి పద్దు తెప్పించమంటాడు.

ఆ పద్దు పట్టుకుని గదిలోకి వచ్చేది రోజానా స్పియర్‌మన్ అనే పనమ్మాయి. ఒక భుజం వంకర, ఒకప్పుడు దొంగతనం చేసి జైలుకెళ్ళి వచ్చిన పిల్ల. ఇంటావిడ జాలిపడి పనిలో పెట్టుకుంది. కఫ్ ఆమెని చూడగానే గుర్తుపడతాడు. ఆయనకి తెలియని సంగతి ఒకటుంది. రంగు అంటిన గౌనుని ఆ ఉదయం పక్క సర్దుతూ రోజానా అప్పటికే చూసేసింది. అది తను మూగగా ప్రేమించే మనిషిది. అతన్ని కాపాడాలని దాన్ని దాచేసింది. పద్దులో లెక్క తప్పకూడదని బజారుకెళ్ళి గుడ్డ కొని, రాత్రంతా గది తలుపు వేసుకుని అలాంటి గౌనే ఇంకోటి కుట్టింది. తోటి పనమ్మాయిలు తలుపు కింద వెలుగు చూశారు, తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి చిటపటలు విన్నారు. వాళ్ళు చెబితేనే కఫ్‌కి అంతా తెలిసింది. ఆ గౌను ఎవరిదో నేను చెప్పను, చదవనివాళ్ళు చదువుకోండి. ఆ పిల్ల సముద్రపు ఊబిలో ప్రాణం తీసుకుంటుందని మాత్రం చెప్పక తప్పదు.

అంత గొప్ప కఫ్ కూడా నవల సగంలో తప్పు మనిషినే అనుమానించి వెళ్ళిపోతాడు. నిజంలో మొదటి ముక్క పక్కలు సర్దే అమ్మాయి చేతిలో ఉంది. ఆమెని ఎవరూ మనిషిగా చూసి అడగలేదు. ఆ ఇంట్లో అందరికీ ఆమె పాత దొంగ. కాలిన్స్ ఆ పిల్ల చేత ఒక పొడుగాటి ఉత్తరం రాయించి, చనిపోయాక అందరికీ వినిపిస్తాడు. రోడ్ హిల్ హౌస్‌లోని పనివాళ్ళకి ఆ మాత్రం న్యాయం కూడా జరగలేదు.

ఆడ డిటెక్టివ్‌లు లేరా అంటే, నవలల్లో ముందే వచ్చారు. 1864లోనే ఇంగ్లండులో స్త్రీలు నేరపరిశోధన చేసే పుస్తకాలు రెండు అచ్చయ్యాయి. రాసింది మగవాళ్ళే. అప్పటికి లండన్ పోలీసుల్లో స్త్రీలే లేరు. అమెరికాలో మాత్రం 1856లోనే పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థలో కేట్ వార్న్ అనే ఆవిడ చేరింది. మగవాళ్ళు అడుగుపెట్టలేని చోట్ల ఆడవాళ్ళకి రహస్యాలు తెలుస్తాయని వాదించి మరీ ఉద్యోగం తీసుకుంది. 1897లో ఆనా కాథరిన్ గ్రీన్ అనే అమెరికన్ రచయిత్రి, అమీలియా బటర్‌వర్త్ అనే పెళ్ళికాని పెద్దావిడ చేత పరిశోధన చేయించింది. ఆవిడ అర్హతల్లా పక్కింటి మీద పడే చూపు.

ఆ దారిలోనే 1927 డిసెంబరులో అగాథా క్రిస్టీ మిస్ మార్పుల్ వచ్చింది. మొదటి కథలో ఆవిడ ఒక మూల కూర్చుని అల్లిక అల్లుకుంటూ ఉంటుంది. చుట్టూ స్కాట్లండ్ యార్డ్ మాజీ కమిషనరు, ఒక లాయరు, ఒక మతగురువు, ఒక రచయిత, ఒక చిత్రకారిణి. మాజీ కమిషనరు ఒక విషప్రయోగం కథ చెబుతాడు. భర్త రాసిన ఉత్తరం తాలూకు ముక్కలు సిరా అద్దే కాగితం మీద కనిపిస్తాయి. వాటిలో ‘వందలూ వేలూ’ అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాట ఉంది. అందరూ అది డబ్బు సంగతి అనుకుంటారు. మిస్ మార్పుల్ అనుకోదు. కేకుల మీదా, ట్రైఫిల్ అనే స్వీటు మీదా చల్లే రంగురంగుల పంచదార పూసలకి ఇంగ్లండు వంటిళ్ళల్లో ఆ పేరే ఉంది! ఆ రాత్రి భోజనంలో ట్రైఫిల్ ఉంది. విషం ఎక్కడ కలిసిందో, చల్లిన పనమ్మాయి ఎవరి మాట నమ్మి చల్లిందో ఆవిడ ఊలు కింద పెట్టకుండానే చెప్పేస్తుంది. పోలీసు పెద్దకి తెలియనిది ఆవిడకి తెలియడానికి కారణం వంటిల్లు.

తన అమ్మమ్మ వరసావిడనీ, ఆవిడ స్నేహితురాళ్ళనీ చూసి మార్పుల్‌ని తయారు చేసుకున్నానని క్రిస్టీ చెప్పుకుంది. ఎవరింట్లో ఏం జరుగుతోందో ఆరాలు తీసే ముసలమ్మలు. ఆ ‘ఆరా’ అన్న మాట చూడండి. మగాయన నాలుగు ప్రశ్నలు వేస్తే దర్యాప్తు. ఆడమనిషి వేస్తే ఆరా. బట్టలు లెక్కపెడితే విచర్‌ది పరిశోధన, అదే లెక్క వారం వారం వేసే సారా కాక్స్‌ది ఇంటిచాకిరీ. క్రిస్టీ చేసిందల్లా ఆ రెండో లెక్కకి కూడా విలువ కట్టడం. అందుకే మార్పుల్ నాకు హోమ్స్ కన్నా దగ్గరగా అనిపిస్తుంది.

అయితే మార్పుల్ కథల్లో కూడా పనమ్మాయిల గతి పెద్దగా మారలేదు. వాళ్ళు మోసపోతారు, చచ్చిపోతారు, అనుమానాలు మోస్తారు. నూట అరవై ఏళ్ళు దాటాక మన అపార్టుమెంట్లలో ఏం మారింది? గొలుసు కనబడకపోతే మొదటి చూపు ఎటు వెళ్తుందో మనందరికీ తెలుసు. గొలుసు బీరువాలో చీర మడతల్లో దొరుకుతుంది, ఈలోపు ఆ మనిషి పని పోతుంది, నాలుగిళ్ళల్లో పేరు పోతుంది. తరవాత ఎవరూ వెళ్ళి, నీ తప్పు లేదమ్మా అని ఆ నాలుగిళ్ళకీ చెప్పిరారు. కాన్‌స్టెన్స్ పన్నిన ఉపాయానికి బలం అదే. ఆ పిల్ల కొత్తగా అబద్ధం కల్పించక్కర్లేకపోయింది, లోకం నమ్మడానికి సిద్ధంగా ఉన్నదాన్ని వాడుకుంది.

మంచి డిటెక్టివ్ కథ నేర్పేది తొందరపడి నమ్మకపోవడం. అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ రోజు ఏం చూశావమ్మా అని అడగడం. యుగంధరులు చేసినా మార్పుల్‌లు చేసినా మంచి పరిశోధన అంటే అంతే కదా.

‘ది మూన్‌స్టోన్’ దొరికితే చదవండి. వజ్రం ఏమైందన్న ఆత్రంలో పేజీలు గబగబా తిప్పేస్తాం, అది సహజం. చాకలి పద్దు పట్టుకుని గదిలోకి వచ్చే అమ్మాయి దగ్గర మాత్రం కాస్త ఆగండి.